ఎగిరిన మైళ్లు ఏ ఖాతాలో వేసుకోవాలి?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. విదేశీ విమానాల్లో తిరిగినప్పుడు వచ్చే మైళ్లను (ఎగిరినందుకు విమానసంస్థ ఇచ్చే పాయింట్లు, పోగైతే వాటితో టికెట్ తీసుకోవచ్చు) ఎవరి ప్రోగ్రాంలో, అంటే ఏ సంస్థ సభ్యత్వ ఖాతాలో, జమ చేయించుకోవాలి అని. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మేమిద్దరం రిటైర్డ్ టీచర్లం. అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి వెళ్లొస్తుంటాం. ఒకసారి కతార్ అయితే ఇంకోసారి లుఫ్తాన్సా, ఎప్పుడు ఏది చౌకగా దొరికితే అది అబ్బాయే బుక్ చేస్తాడు. వెళ్లిన ప్రతిసారీ ఆ కంపెనీ మెంబర్‌షిప్ తీసుకున్నాం. ఇప్పుడు ఒక్కొక్కరికి మూడు నాలుగు నంబర్లు ఉన్నాయి, దేంట్లోనూ టికెట్టుకు సరిపడా మైళ్లు లేవు. ఒకదాంట్లో గడువు తీరి పోయాయి కూడా. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. ఎక్కిన విమానం ఎవరిదైతే వాళ్ల ప్రోగ్రాంలోనే మైళ్లు వేసుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. ఇది తెలియకే మన పెద్దవాళ్లు చాలామంది కంపెనీకో నంబర్ తీసుకుని, నాలుగు కుండల్లో తలా గరిటెడు పోసినట్టు మైళ్లను చెదరగొట్టుకుంటున్నారు.

విమానసంస్థలు మూడు పెద్ద కూటములుగా ఉన్నాయి. స్టార్ అలయన్స్‌లో లుఫ్తాన్సా, యునైటెడ్, ఎయిర్ కెనడా, సింగపూర్, టర్కిష్ ఉన్నాయి, 2014 నుంచి మన ఎయిర్ ఇండియా కూడా ఉంది. వన్‌వరల్డ్‌లో కతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్, క్యాథే పసిఫిక్, మలేషియా. స్కైటీమ్‌లో డెల్టా, ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్‌ఎం, 2025లో హైదరాబాద్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి విమానం మొదలుపెట్టింది ఈ కేఎల్‌ఎంయే. ఒక కూటమిలో ఏ విమానం ఎక్కినా, ఆ టికెట్ రకం అర్హమైనదైతే, అదే కూటమిలోని ఇంకో సంస్థ ఖాతాలో మైళ్లు వేయించుకోవచ్చు. కతార్‌లో వెళ్లి అమెరికన్ ఖాతాలో, లుఫ్తాన్సాలో వెళ్లి యునైటెడ్ ఖాతాలో. అంటే మీకు కూటమికి ఒక్క ఖాతా చాలు.

ఏ ఖాతా అన్నది తేల్చేముందు మీ పాత ఈ-టికెట్ ఒకటి తీసి చూడండి. ఎకానమీ అని ఉన్నచోట పక్కనే ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. దాన్ని బుకింగ్ క్లాస్ అంటారు. పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరికి వేరే వేరే అక్షరాలు ఉండొచ్చు, మైళ్లు కూడా వేరేగా రావొచ్చు, ఎందుకంటే పార్ట్‌నర్ విమానాలకు, అంటే తమతో ఒప్పందం ఉన్న వేరే సంస్థ విమానాలకు, మైళ్లు ఇచ్చేటప్పుడు చాలా ప్రోగ్రాములు దూరాన్ని తీసుకుని, ఆ అక్షరాన్ని బట్టి అందులో ఇంత శాతం అని లెక్క కడతాయి. హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డాలస్‌కి ఒకవైపు సుమారు 9,700 మైళ్లు. అక్షరానికి 100 శాతం ఉంటే 9,700 వస్తాయి, 50 శాతం అయితే 4,850, 25 శాతం అయితే 2,425. ప్రయాణం అదే, సీటు అదే, భోజనం అదే. ఇంకో తిరకాసు ఏంటంటే ఆ అక్షరాలకు అన్ని సంస్థల్లో ఒకే అర్థం ఉండదు. 'కె' అనేది లుఫ్తాన్సాలో బాగా చౌక టికెట్ల అక్షరం, కతార్‌లో అదే 'కె' కాస్త ఎక్కువ ధర టికెట్లది. కాబట్టి అబ్బాయిని టికెట్ కొనేముందే ఆ అక్షరం చూడమనండి. ఆ ప్రోగ్రాం వెబ్‌సైట్లో ఒక్కో పార్ట్‌నర్‌కి ఒక్కో పట్టిక ఉంటుంది, అందులో ఆ అక్షరానికి ఎదురుగా ఎంత శాతం ఉందో కనిపిస్తుంది. రెండు నిమిషాల పని.

మీ విషయంలో శాతం కన్నా కూడా నేను ఎక్కువగా చూసేది గడువు. మీరు తరచుగా తిరిగేవాళ్లు కాదు. కొన్ని ప్రోగ్రాముల్లో మైళ్లు వచ్చిన రోజు నుంచి మూడేళ్లకు చచ్చినట్టు పోతాయి, మధ్యలో మీరు ఎన్నిసార్లు ఎగిరినా సరే. సింగపూర్ వాళ్ల క్రిస్‌ఫ్లయర్ అలాంటిదే. కొన్నింట్లో ఖాతాలో ఏదో ఒక కదలిక (కొత్తగా మైళ్లు పడటమో, ఉన్నవి వాడటమో) ఉంటే చాలు, గడువు ముందుకు జరుగుతుంది. అమెరికన్ వాళ్ల ఏఅడ్వాంటేజ్‌కి 24 నెలల్లో ఒక కదలిక కావాలి. కతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ రెండూ ఏవియోస్ అనే పాయింట్లే వాడతాయి, వాటికి 36 నెలలు. యునైటెడ్ మైలేజ్‌ప్లస్‌కి 2019 నుంచి గడువే లేదు. రెండేళ్లకోసారి వెళ్లే తల్లిదండ్రులకు ఈ తేడా చాలా పెద్దది.

ఇక మీ అబ్బాయి ఉండేది డాలస్. అమెరికన్ ఎయిర్‌లైన్స్ హెడ్డాఫీసు పక్కనే ఫోర్ట్‌వర్త్‌లో, వాళ్ల విమానాలు అన్నిటికన్నా ఎక్కువగా తిరిగేది కూడా ఆ ఎయిర్‌పోర్టు నుంచే. అబ్బాయి అమెరికా లోపల ఎక్కడికి వెళ్లాలన్నా ఎక్కువగా దొరికేది అమెరికన్ విమానమే. అందుకని మీరు కతార్‌లోనో, లండన్ మీదుగా బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లోనో వెళ్లినప్పుడు మైళ్లు ఏఅడ్వాంటేజ్‌లో వేసుకోండి. మీ ఖాతాలోని మైళ్లతో ఎవరికైనా టికెట్ తీయొచ్చు. కోడలికి, మనవరాలికి, మీరు అక్కడ ఉన్నప్పుడు అందరూ కలిసి ఏ ఫ్లోరిడాకో వెళ్లడానికి అవి పనికొస్తాయి. అయితే ఈసారి టికెట్ అక్షరానికి ఏఅడ్వాంటేజ్‌లో 25 శాతమే ఉందనుకోండి, అప్పుడు కతార్ సొంత ప్రోగ్రాంలో ఎంత వస్తుందో కూడా పక్కన పెట్టి చూడండి. తేడా బాగా ఎక్కువుంటే అక్కడే వేసుకోవడం మేలు.

లుఫ్తాన్సాలో వెళ్లినప్పుడు మాత్రం నేను యునైటెడ్ మైలేజ్‌ప్లస్సే చెప్తాను. గడువు లేకపోవడం ఒక కారణం. రెండోది వాడేటప్పటి సంగతి. మైళ్లతో తీసిన టికెట్ అంటే పూర్తిగా ఉచితం కాదు, పన్నులు కట్టాలి. కొన్ని ప్రోగ్రాములు పన్నులతో పాటు విమానసంస్థ వేసే ఫ్యూయల్ సర్‌చార్జీ కూడా వసూలు చేస్తాయి, దూర ప్రయాణాలకు అది పెద్ద మొత్తమే అవుతుంది. లుఫ్తాన్సా సీటును లుఫ్తాన్సా సొంత మైళ్లతో తీస్తే ఆ సర్‌చార్జీ పడుతుంది, అదే సీటు యునైటెడ్ మైళ్లతో దొరికితే పడదు. ఎయిర్ కెనడా వాళ్ల ఏరోప్లాన్ కూడా సర్‌చార్జీ వేయదు కానీ అక్కడ 18 నెలలు కదలిక లేకపోతే పాయింట్లు పోతాయి, మీకు అది టెన్షన్.

మీకూ మాస్టారికీ ఖాతాలు వేరువేరుగానే ఉండాలి. టికెట్ డబ్బులు ఎవరు కట్టినా మైళ్లు ప్రయాణం చేసినవాళ్లకే వస్తాయి, అబ్బాయి నంబర్ మీ టికెట్‌లో పెడితే పేరు కలవక ఎవరికీ రాకుండా పోతాయి. యునైటెడ్‌లో ఐదుగురి వరకు మైళ్లు ఒకచోట కలుపుకునే సదుపాయం 2024 నుంచి ఉంది. కలిపేముందు, అలా కలిపిన మైళ్లను ఏ విమానాలకు వాడనిస్తారో ఆ షరతు చదవమనండి. పాత ఖాతాల్లో ఉన్న కొద్దిపాటి మైళ్ల కోసం బాధపడకండి. కతార్‌లో, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో రెండుచోట్లా ఏవియోస్ ఉంటే మాత్రం రెండు ఖాతాలను లింక్ చేసి ఒకదాంట్లోకి తెచ్చుకోవచ్చు, ఆ పని ఈ వారమే చేయించండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం నాది. క్లయింట్ షికాగోలో. ఏడాదికి మూడు నాలుగు సార్లు ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లుఫ్తాన్సాలో వెళ్తాను, అక్కడికి వెళ్లాక యునైటెడ్‌లో తిరుగుతాను. టికెట్లు కంపెనీ ట్రావెల్ డెస్క్ కొంటుంది. ఉచిత టికెట్ కన్నా నాకు లాంజ్, ఎక్స్‌ట్రా లగేజీ, లైన్లో నిలబడకపోవడం ముఖ్యం. లుఫ్తాన్సా, యునైటెడ్, సింగపూర్, వీటిలో ఎవరి ఖాతాలో వేసుకోవాలి?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: మీకు కావాల్సింది మైళ్లు కాదు, స్టేటస్, అంటే ఎక్కువగా తిరిగే సభ్యులకు ఇచ్చే హోదా. స్టార్ అలయన్స్ గోల్డ్ అనే స్థాయికి ఏ ప్రోగ్రాంలో చేరుకున్నా ఆ కూటమిలోని అన్ని సంస్థల్లో చెల్లుతుంది. ఎకానమీ టికెట్‌తోనే లాంజ్‌లోకి వెళ్లొచ్చు, చెకిన్, బోర్డింగ్ ముందుగా అవుతాయి, లగేజీ అదనంగా 20 కిలోలు లేదా ఒక బ్యాగు ఎక్కువ తీసుకెళ్లొచ్చు.

ఇక్కడే చాలామందికి తెలియని ఒక సంగతి ఉంది. యునైటెడ్ సొంత ప్రోగ్రాంలో గోల్డ్ వచ్చినవాళ్లకు అమెరికా లోపల మాత్రమే తిరిగేటప్పుడు యునైటెడ్ క్లబ్ లాంజ్‌లోకి ప్రవేశం ఉండదు, అంతర్జాతీయ ప్రయాణంలో ఉంటేనే. అదే స్టార్ గోల్డ్ సింగపూర్‌దో ఇంకో విదేశీ సంస్థదో అయితే, షికాగో నుంచి డెన్వర్‌కి యునైటెడ్‌లో వెళ్తున్నా లోపలికి పంపిస్తారు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ లాంజ్‌లలో కూడా ఇలాంటి పద్ధతే. అమెరికా లోపల ఎక్కువ తిరిగే మీలాంటివాళ్లు స్టేటస్ అమెరికా బయటి ప్రోగ్రాంలో తెచ్చుకోవడానికి ఇదొక్కటే చాలినంత కారణం. దీనికి బదులుగా పోగొట్టుకునేది కూడా చెప్పాలి కదా. యునైటెడ్ తన సొంత సభ్యులకు ఇచ్చే అప్‌గ్రేడ్లు, కాళ్లు చాపుకునే ఎకానమీ ప్లస్ సీట్లు బయటివాళ్లకు రావు. మీరు పొడగరి అయితే ఇది కూడా లెక్కలోకి తీసుకోండి.

సింగపూర్ వాళ్ల క్రిస్‌ఫ్లయర్‌లో గోల్డ్‌కి 12 నెలల్లో 50,000 ఎలీట్ మైళ్లు (స్టేటస్ కోసం లెక్కపెట్టే మైళ్లు) కావాలి. హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్–షికాగో రానుపోను దాదాపు 17,500 మైళ్లు. టికెట్ అక్షరానికి 100 శాతం ఉంటే మూడు ట్రిప్పులతో గోల్డ్ వచ్చేస్తుంది. 50 శాతమే ఉంటే ఆరు ట్రిప్పులు కావాలి, అంటే మీకు రాదు. కాబట్టి సింగపూరా కాదా అన్నది మీ ట్రావెల్ డెస్క్ ఏ అక్షరం కొంటోంది అన్నదాని మీద ఆధారపడి ఉంది, పోయిన ఏడాది టికెట్లన్నీ తీసి ఆ అక్షరాలు ఒక కాగితం మీద రాసుకోండి. తేదీలు మార్చుకునే వీలున్న టికెట్లు కొంటారా, అతి చౌకవి కొంటారా అన్నది అందులోనే తెలిసిపోతుంది.

లుఫ్తాన్సా మైల్స్ అండ్ మోర్‌లో స్టార్ గోల్డ్ అంటే సెనేటర్ స్థాయి, దానికి ఏడాదిలో 2,000 పాయింట్లు కావాలి. ఎకానమీలో మూడు నాలుగు ట్రిప్పులతో అది అందదు. బిజినెస్ క్లాస్‌లో పంపిస్తున్నారంటే చెప్పండి, అప్పుడు నా జవాబు మారుతుంది.

యునైటెడ్ లెక్క వేరు. అక్కడ ఖర్చయిన డబ్బే ప్రధానం. టికెట్ నంబర్లో మొదటి మూడు అంకెలు చూడండి. 016 అయితే అది యునైటెడ్ జారీ చేసిన టికెట్, 220 అయితే లుఫ్తాన్సాది. 016 టికెట్‌తో లుఫ్తాన్సా విమానం ఎక్కినా యునైటెడ్ మైళ్లు టికెట్ ధరను బట్టే వస్తాయి. 220 అయితే దూరం, అక్షరం లెక్క, అలా వచ్చిన మైళ్లను 5తో భాగిస్తే స్టేటస్ పాయింట్లు వస్తాయి. పైగా ఏడాదిలో కనీసం నాలుగు విమానాలు యునైటెడ్ నడిపేవే అయి ఉండాలి, మీకు అది సమస్య కాదనుకుంటాను. ఆఖరి నిమిషంలో భారీ ధరకు 016 టికెట్లు కొనే కంపెనీ అయితే యునైటెడ్‌లోనే మీకు లాభం, లాంజ్ విషయంలో సర్దుకోవాలి. మామూలు ధరకు ముందుగా కొనే లుఫ్తాన్సా టికెట్లు, వంద శాతం ఇచ్చే అక్షరాలు అయితే క్రిస్‌ఫ్లయర్. రెండింట్లో ఏది పట్టుకున్నా ఏడాది మధ్యలో మార్చకండి. స్టేటస్ లెక్క ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి రాదు.

ప్రశ్న: మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో చదువుతోంది. విశాఖ నుంచి సింగపూర్‌కి స్కూట్‌లో, అక్కడినుంచి సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో వెళ్తుంది. నాకు ఎయిర్ ఇండియా మెంబర్‌షిప్ ఉంది, తనకీ అదే తీసుకుని రెండు విమానాల మైళ్లూ అందులో వేయించొచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రెండోది వేయించొచ్చు, మొదటిది కుదరదు. స్కూట్ సింగపూర్ ఎయిర్‌లైన్స్ గ్రూపుదే అయినా స్టార్ అలయన్స్ సభ్యురాలు కాదు. స్కూట్‌లో పెట్టిన ఖర్చుకు మైళ్లు వచ్చేది క్రిస్‌ఫ్లయర్‌లోనే. మన దగ్గర కూడా అంతే, ఎయిర్ ఇండియా కూటమిలో ఉంది, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ లేదు. పెద్ద సంస్థ సభ్యత్వం దాని చౌక విమానాలకు దానంతటదే రాదు.

అమ్మాయి చదువు అయ్యేదాకా ఇదే దారిలో తిరుగుతుంది కాబట్టి క్రిస్‌ఫ్లయర్ తీసుకుని రెండూ అందులోనే వేయించండి. ఖమ్మం వాళ్లకు వద్దన్న ప్రోగ్రాం మీకు ఎందుకు చెప్తున్నానంటే, మూడేళ్ల గడువు తరచుగా తిరిగే విద్యార్థికి అడ్డం కాదు, ఈలోపే వాడేసుకోవచ్చు. గడువు దగ్గరపడితే ఫీజు కట్టి ఆరు నెలలు పొడిగించుకునే వీలు కూడా ఉంది. చదువు అయిపోయే ఏడాది మాత్రం ఖాతాలో ఏమీ మిగల్చకుండా ఒక టికెట్ తీసేయమనండి.

ప్రశ్న: ఎమిరేట్స్ ఏ కూటమిలో ఉంది? ఆ మైళ్లు యునైటెడ్‌లో వేసుకోవచ్చా? మేం నలుగురం ఏటా దుబాయ్ మీదుగా న్యూజెర్సీ వెళ్తాం.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఏ కూటమిలోనూ లేదు. ఎమిరేట్స్‌కి విడివిడిగా కొందరితో ఒప్పందాలు ఉన్నాయి. క్వాంటాస్, ఎయిర్ కెనడా అలాంటివి. యునైటెడ్‌తో కూడా ఒప్పందం ఉంది కానీ కూటమి విమానంలా ప్రతి టికెట్‌కీ మైళ్లు వస్తాయని అనుకోకండి. ఏటా నలుగురు అదే విమానం ఎక్కుతున్నారంటే ఎమిరేట్స్ సొంత ప్రోగ్రాం స్కైవార్డ్స్‌లోనే ఉండండి. మై ఫ్యామిలీ అనే ఖాతా తెరిస్తే ఎనిమిది మంది వరకు మైళ్లు ఒకేచోట కలుస్తాయి, నలుగురి మైళ్లు కలిస్తే త్వరగా పనికొచ్చే స్థాయికి వస్తాయి. స్కైవార్డ్స్ మైళ్లు మూడేళ్లుంటాయి, మూడో ఏడాది మీ పుట్టిన నెల ఆఖరున పోతాయి. ఆ నెల క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి.

ప్రశ్న: పోయిన వేసవిలో అమెరికా వెళ్లొచ్చాను. మైళ్లు పడలేదు. అడిగితే పేరు కలవలేదన్నారు. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, మెంబర్‌షిప్ మాత్రం ఇంటిపేరు మొదటి అక్షరంతో తీసుకున్నాను. ఇప్పుడు ఏమైనా చేయొచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చేయొచ్చు, కానీ ఆలస్యం చేయకండి. మన తెలుగువాళ్లకు ఈ కష్టం మరీ ఎక్కువ. బ్యాంకులో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా పేర్లుంటాయి. ఇంటిపేరు ముందు రాసుకోవడం మనకు అలవాటు, విమానం వాళ్ల ఫారంలో అది చివరి పేరు గడిలోకి వెళ్లాలి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లది ఇంకో తలనొప్పి, అమెరికా వీసాలో వాళ్ల పేరంతా సర్‌నేమ్ అయిపోయి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. టికెట్ ఒకలా, ఖాతా ఒకలా ఉంటే కంప్యూటర్ రెండూ ఒకే మనిషివని గుర్తుపట్టదు.

ముందు ప్రోగ్రాం కస్టమర్ కేర్‌కి పాస్‌పోర్టు కాపీ పంపి ఖాతాలో పేరు సరిచేయించండి. కొత్త ఖాతా తెరవద్దు. ఒకే మనిషికి రెండు ఖాతాలు చాలా ప్రోగ్రాములు ఒప్పుకోవు, దొరికితే ఒకటి మూసేస్తారు. పేరు సరయ్యాక వెబ్‌సైట్లో మిస్సింగ్ మైల్స్ లేదా రెట్రో క్లెయిమ్ అనే చోట టికెట్ నంబర్, విమానం నంబర్, తేదీ, సీటు వివరాలు ఇచ్చి అడగాలి. దీనికి గడువుంది. క్రిస్‌ఫ్లయర్‌లో ఆరు నెలలు, యునైటెడ్‌లో 12 నెలలు, మీది ఏదో చూసుకోండి. బోర్డింగ్ పాస్ ముక్కలు ఉంటే ఫొటో తీసి జత చేయండి. మైళ్లు ఖాతాలో పడేదాకా వాటిని పారేయకూడదు. ముక్కలు పోయి ఉంటే ఈ-టికెట్‌తో పాటు, ప్రయాణం చేశానని ధ్రువీకరించమని విమానసంస్థకే మెయిల్ పెట్టండి, కొందరు ఇస్తారు.

ఇంకొకటి. ఒక ప్రయాణానికి మైళ్లు ఒక్క ప్రోగ్రాంలోనే పడతాయి, ఒకసారి పడ్డాక ఇంకోదాంట్లోకి మార్చరు. ట్రావెల్ ఏజెంట్లు కొందరు పాత నంబర్‌నే ప్రతి టికెట్‌లోనూ కొట్టేస్తుంటారు. అందుకని ఈసారి కౌంటర్ దగ్గర బోర్డింగ్ పాస్ చేతికి రాగానే దాని మీద ఏ నంబర్ పడిందో చూడండి. తప్పుంటే అక్కడే మార్చమని అడగండి, విమానం కదిలాక అది చాలా కష్టం. మారుతున్న ప్రతి విమానానికీ విడిగా చూడాలి, ఎందుకంటే మొదటి విమానానికి నంబర్ పడి రెండోదానికి పడకపోవడం, ముఖ్యంగా రెండు వేరే సంస్థల విమానాలున్న టికెట్లలో, తరచుగా జరుగుతుంది.